అమెజాన్ వాన ఎక్కడి నుంచి వస్తుంది?

అందరికీ నమస్కారం. అడవుల గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం వాన దగ్గర మొదలుపెడతాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఒక ప్రశ్న. సముద్రానికి దూరంగా పోయేకొద్దీ వాన ఏమవుతుంది? తగ్గుతుంది. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అనంతపురం చూడండి. అరేబియా సముద్రం నుంచి గట్టిగా నాలుగొందల కిలోమీటర్లు ఉండదు. ఏడాది మొత్తానికి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మధ్యలో పడమటి కనుమలు అడ్డం కదండీ అంటారు మీరు. నిజమే, అడ్డమే, కాదనను. కానీ పెరూ దేశంలో ఇకిటోస్ అని ఒక ఊరుంది, అమెజాన్ ఒడ్డున. దానికి పడమరన ఆండీస్ పర్వతాలు. కాబట్టి పసిఫిక్ తేమ అక్కడి దాకా రాదు. వాన తెచ్చేది తూర్పున ఉన్న అట్లాంటిక్. అది ఎంత దూరం? తిన్నగా గీత గీస్తే 2,700 కిలోమీటర్లు. మరి ఇకిటోస్‌లో వాన ఎంత? ఏడాదికి 2,500 మిల్లీమీటర్లు దాటుతుంది.

ఎలా? గాలి మోసుకొచ్చిన తేమ దారిలో కురుస్తూ కురుస్తూ వస్తే, రెండు వేల కిలోమీటర్లు దాటేసరికి ఏం మిగలాలి? ఏమీ మిగలకూడదు. ఐనా మిగులుతోంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు వర్షారణ్యం అంటే ఏదో తేల్చుకుందాం. దట్టంగా కనిపించిన ప్రతి అడవీ వర్షారణ్యం కాదు. వాతావరణ శాస్త్రంలో దీనికి స్థూలంగా రెండు కొలతలున్నాయి. ఏడాదిలో అన్నిటికంటే చల్లని నెల సగటు కూడా 18 డిగ్రీలకు తగ్గకూడదు. అన్నిటికంటే పొడి నెలలో కూడా 60 మిల్లీమీటర్ల వాన పడాలి. మన నల్లమల ఈ లెక్కలోకి రాదు, పాపికొండలూ రావు. అవి ఆకురాల్చే అడవులు. మన దేశంలో దీనికి దగ్గరి అడవి చూడాలంటే పడమటి కనుమల్లో కొన్ని చోట్లకో, ఈశాన్యానికో, అండమాన్‌కో పోవాలి. ప్రపంచంలో పెద్దవి మూడు: అమెజాన్, కాంగో, ఆగ్నేయాసియా దీవులు. నేను అమెజాన్‌కే కట్టుబడి ఉంటాను.

ఇంకో సంగతి. అమెజాన్ అంతా ఒకే రకంగా తడిసి ఉంటుందనుకోకండి. వాయవ్యాన ఎండాకాలం అంటూ లేదు. దక్షిణం, తూర్పు అంచులకు వచ్చేసరికి మూడు నుంచి ఐదు నెలలు వానలు బాగా తగ్గిపోతాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. అడవి నరికేది ఎక్కువగా ఆ అంచుల్లోనే.

సరే, వాన సంగతికి వద్దాం. చెట్టు వేరుతో నీళ్లు తాగుతుంది, ఆకు ద్వారా ఆవిరి చేస్తుంది. చిన్న తరగతిలో చదివిందే, బాష్పోత్సేకం. కానీ ఎంత చేస్తుంది? అమెజాన్ అడవిలో రోజుకు సగటున మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల నీరు ఆవిరై పైకి పోతుంది. వినడానికి చిన్న అంకె. ఎకరాలోకి మార్చండి. ఒక మిల్లీమీటరు అంటే హెక్టారుకు పది వేల లీటర్లు, అంటే ఎకరానికి నాలుగు వేలు. కాబట్టి ఒక్క ఎకరం అడవి, ఒక్క రోజులో, 15 వేల లీటర్ల దాకా గాలిలోకి ఎత్తిపోస్తోంది. కరెంటు లేదు, మోటారు లేదు. ఇలాంటి అడవి అక్కడ యాభై లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉంది. అంత విస్తీర్ణం మీద ఆవిరయ్యేది రోజుకు రెండు వేల కోట్ల టన్నులని బ్రెజిల్ శాస్త్రవేత్తల అంచనా. అమెజాన్ నది రోజూ సముద్రంలో కలిపేది 1,700 కోట్ల టన్నులు. అంటే నేల మీద పారే నది కంటే గాలిలో పారేది పెద్దది.

దీన్ని రుజువు చేసినవాడు ఎనియాస్ సలాటి అనే బ్రెజిల్ శాస్త్రవేత్త, 1970లలో. పద్ధతి చాలా ముచ్చటగా ఉంటుంది, కాస్త ఓపిగ్గా వినండి. నీటిలో ఉండే ఆక్సిజన్ అంతా ఒకే బరువు ఉండదు. ఎక్కువ భాగం ఆక్సిజన్-16, కొద్దిగా ఆక్సిజన్-18. బరువైనది ముందు కురిసిపోతుంది. కాబట్టి సముద్రపు తేమే లోపలికి పోతూ కురుస్తుంటే, లోతట్టు వానల్లో బరువు ఆక్సిజన్ వేగంగా తగ్గిపోవాలి. సలాటి బృందం తీరంలోని బెలేమ్ నుంచి లోపలి దాకా వాననీళ్లు పట్టి కొలిచింది. తగ్గుదల ఉంది కానీ, ఉండాల్సిన దానికంటే చాలా తక్కువ. ఎందుకు? చెట్టు తాగిన వాన మొత్తం, బరువూ తేలికా తేడా లేకుండా, మళ్లీ గాలిలోకి వస్తోంది. ఆ ఆవిరే తర్వాతి వాన. అక్కడి వానలో సగం దాకా అడవి తిరిగి ఇచ్చిందేనని 1979లో ప్రకటించారు. తర్వాత వచ్చిన లెక్కలు కొన్ని మూడో వంతు దగ్గర ఆగాయి. ఏదైనా చిన్న వాటా కాదు.

ఊళ్లో గడ్డివాము అంటుకుంటే ఏం చేస్తాం? చెరువు నుంచి వరసగా నిలబడి బిందెలు అందించుకుంటాం. అట్లాంటిక్ నుంచి ఆండీస్ దాకా నీళ్లు అలాగే పోతున్నాయి. పడిన వాన మళ్లీ లేచి, ఇంకొంచెం పడమరన పడి, మళ్లీ లేచి, ఇలా ఐదారు సార్లు. వరస మధ్యలో పదిమంది పక్కకు తప్పుకుంటే ఆ చివరివాడికి బిందె అందుతుందా? అందదు. తూర్పున నరికితే పడమరన ఎండటానికి కారణం ఇదే.

ఆండీస్ దాకా పోయిన తేమ అక్కడ ఆగిపోదు. కొండలు అడ్డుకుని దాన్ని దక్షిణానికి మళ్లిస్తాయి. బొలీవియా, పరాగ్వే, బ్రెజిల్ దక్షిణ భాగం, ఉత్తర అర్జెంటీనా, ఇవన్నీ ఆ తేమ దారిలో ఉన్నవే. ఎగిరే నదులని అక్కడివాళ్లు పేరు పెట్టారు. అడవి ముఖం ఎన్నడూ చూడని రైతు పొలానికి కూడా అందులో వాటా ఉంది.

వాన పడాలంటే ఆవిరి ఒక్కటే చాలదు, మేఘపు బొట్టు కట్టడానికి సన్నటి కణం కావాలి. అదీ అడవే ఇస్తుంది. ఆకులు వదిలే ఐసోప్రీన్ లాంటి వాయువులు, శిలీంధ్రాల బీజాలు ఆ పని చేస్తాయి. బ్రెజిల్ అమెజాన్‌లోని పెద్ద నగరం మనౌస్. దానికి ఈశాన్యాన 150 కిలోమీటర్ల దూరంలో బ్రెజిల్, జర్మనీ కలిసి 325 మీటర్ల టవర్ కట్టి వీటినే కొలుస్తున్నాయి. మరి అడవి తగలబెట్టిన పొగలోనూ కణాలుంటాయి కదా, ఇంకా మంచిదే కదా? కాదండీ. కణాలు మరీ ఎక్కువైతే ఉన్న తేమ అంతా కోట్ల చిన్న బొట్లుగా చీలిపోతుంది. ఏ బొట్టూ పడేంత బరువెక్కదు. మేఘం ఉంటుంది, వాన ఉండదు.

2017లో ఇంకో సంగతి బయటపడింది. దక్షిణ అమెజాన్‌లో వానాకాలం, సముద్రం మీది నుంచి రావాల్సిన రుతు మార్పు కంటే రెండు మూడు నెలల ముందే మొదలవుతుంది. ఎందుకని చూస్తే, ఎండాకాలం చివర్లో చెట్లు చిగురు వేసి ఆవిరి పెంచుతున్నాయి. ఆ తేమే మొదటి వానలను లేపుతోంది. ఎండాకాలంలో చిగురుకు నీళ్లెక్కడివి? లోతు నుంచి. బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో తవ్వి చూస్తే ఎనిమిది మీటర్ల కింద కూడా వేళ్లున్నాయి. పచ్చికకు ఆ లోతు ఎక్కడిది? పైపొర ఎండగానే అదీ ఎండిపోతుంది.

ఇప్పుడు నేల సంగతి. ఇంత పచ్చదనం ఉందంటే నేల ఎంత సారవంతమో అనుకుంటారు అందరూ. 1970లలో అక్కడికి జనాన్ని తరలించిన బ్రెజిల్ ప్రభుత్వమూ అలాగే అనుకుంది. చాలా భాగం ఎర్ర, పసుపు మట్టి. కోట్ల ఏళ్ల వానకు సున్నం, పొటాష్ కడిగేసుకుపోయి ఇనుము, అల్యూమినియం మిగిలింది. ఆమ్లం ఎక్కువ. భాస్వరం వేసినా ఆ ఇనుము, అల్యూమినియం పట్టేసుకుని మొక్కకు వదలవు. మరి చెట్లు ఎలా బతుకుతున్నాయి? ఉన్న పోషకాల్లో ఎక్కువ భాగం మట్టిలో కాదు, చెట్టులోనే ఉంది. ఆకు రాలిన కొన్ని వారాల్లో కుళ్లడం మొదలై, పైపైనే అల్లుకున్న వేళ్లు, వాటిని అంటుకున్న శిలీంధ్రాలు ఆ పోషకాన్ని పీల్చేసుకుంటాయి, కింద ఇంకనివ్వవు. చెట్టు తీసేస్తే ఖజానా తీసేసినట్టే.

అడవి ఎలా పోతుందో వరసగా చెబుతాను. మొదట దారి. బ్రెజిల్ అమెజాన్‌లో నరికివేత 95 శాతం దారికో, నదికో దగ్గర్లోనే జరిగిందని 2014లో లెక్క తేలింది. దారికైతే ఐదున్నర కిలోమీటర్ల లోపు. ట్రాన్స్ అమెజాన్ హైవే 1972లో తెరిచారు. రొండోనియా రాష్ట్రంలో బీఆర్-364 రహదారికి 1984లో తారు పడింది. ఆ తర్వాత నాలుగైదు కిలోమీటర్లకు ఒకటి చొప్పున అడ్డదారులు పడ్డాయి. ఉపగ్రహం నుంచి చూస్తే చేపముల్లు ఆకారం అంటారే, అది ఇదే.

దారి పడగానే ఖరీదైన కలప పోతుంది, మహాగని, ఇపే. తర్వాత కింది పొదలు, తీగలు కొట్టేస్తారు. ఆపైన రంపపు మిషన్లతో పెద్ద మానులు కూలుస్తారు. కొన్నిచోట్ల రెండు బుల్‌డోజర్ల మధ్య లంగరు గొలుసు కట్టి ఈడుస్తారు. కూలింది రెండు మూడు నెలలు ఎండాలి. పచ్చి వర్షారణ్యం అంటుకోదు, అందుకే ఎండనిస్తారు. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య నిప్పు పెడతారు. మొదటి వానకు బ్రాకియారియా అనే ఆఫ్రికా గడ్డి విత్తనం చల్లుతారు. పశువులను తోలుతారు. అంతే, భూమి ఎవరిదో తేలకముందే ఆక్రమణ రుజువైపోతుంది. చాలాచోట్ల అసలు పంట పశువు కాదు, ఆ భూమి మీద హక్కు.

మన ఏజెన్సీలో పోడు కొడతారు కదా, ఇదీ అదే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిప్పు ఒకటే, పద్ధతి వేరు. పాత పద్ధతిలో పోడు అంటే చిన్న చెలక, రెండు మూడేళ్లు పండించి, మళ్లీ అడవికి వదిలేసి పదేళ్లో ఇరవై ఏళ్లో ఆగేవారు. పక్కనున్న అడవే విత్తనం వేసి దాన్ని పూడ్చేది. వందల హెక్టార్లు ఒక్క ముక్కగా కొట్టి గడ్డి వేస్తే విత్తనం ఎక్కడి నుంచి రావాలి?

ఇక ఆ పశువుల సంగతి. మీలో ప్రకాశం, నెల్లూరు జిల్లాల వాళ్లు ఉంటే చెవి ఒగ్గండి. అమెజాన్‌లో నరికిన నేలలో చాలా భాగం పచ్చికే. దాని మీద మేసే తెల్లటి, మూపురమున్న పశువు పేరు నెలోరె. నెల్లూరు పేరే అది. మన ఒంగోలు జాతి. 19వ శతాబ్దంలోనే కొన్ని ఓడెక్కాయి, 1960ల మొదట్లో మరికొన్ని వెళ్లాయి. అలా వెళ్లిన గిత్తల్లో పేరుమోసిన ఒకదాన్ని అక్కడ కర్వాది అనే పిలిచారు, ఒంగోలు పక్కన కరవది నుంచి పోయింది కాబట్టి. ఎండకు, ఈగకు, నాసి మేతకు తట్టుకునే జాతి. ఇవాళ బ్రెజిల్‌లో మనుషుల కంటే పశువులు ఎక్కువ, 20 కోట్లు ఎప్పుడో దాటాయి. మాంసపు మందలో నెలోరెదే పెద్ద వాటా. తప్పు గిత్తది కాదు లెండి.

ఆ పచ్చిక ఎన్నాళ్లు నిలుస్తుంది? మొదటి రెండేళ్లు బ్రహ్మాండంగా ఉంటుంది. బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి, ఆమ్లం తగ్గుతుంది. మూడో ఏటి నుంచి భాస్వరం చాలదు. పశువు తొక్కి మట్టి గట్టిపడుతుంది, నీరు ఇంకదు. కలుపు లేస్తుంది. కలుపు పోవాలని మళ్లీ నిప్పు పెడతారు, ఉన్న కాస్త పోషకం పొగలో పోతుంది. హెక్టారుకు ఒక పశువు మేయడమే గగనం. ఐదు నుంచి పదేళ్లలో చాలా పచ్చికలు నీరసించిపోతాయి. ఎరువు వేసి బాగుచేయడం కంటే పక్కన కొత్త అడవి కొట్టడం చవక. చిక్కంతా ఇక్కడే ఉంది.

నరకని అడవి భద్రంగా ఉందా? మనౌస్ ఉత్తరాన అమెరికా శాస్త్రవేత్త టామ్ లవ్‌జాయ్ మొదలుపెట్టిన ప్రయోగం ఒకటి 1979 నుంచి నడుస్తోంది. ఒక హెక్టారు, పది హెక్టార్లు, వంద హెక్టార్ల ముక్కలు వదిలి చుట్టూ కొట్టేశారు. అంచు నుంచి వంద మీటర్ల లోపు ఎండ, వేడిగాలి దూరి పెద్ద మానులు ముందు చచ్చాయి. పది పదిహేడేళ్లలో అంచుల్లో జీవరాశి బరువు కొన్నిచోట్ల 36 శాతం దాకా పోయింది. ఎవరూ గొడ్డలి వేయలేదు. ఆ ఎండిన అంచులోకి పక్క పచ్చికలో పెట్టిన నిప్పు పాకుతుంది. మంట మోకాలి ఎత్తు కూడా ఉండదు. కానీ ఈ చెట్లకు నిప్పు అలవాటు లేదు, బెరడు పలచన. మొదటిసారి కొన్ని చస్తాయి, పైకప్పు చిల్లులు పడుతుంది, ఎండ దిగుతుంది, గడ్డి మొలుస్తుంది. రెండోసారి మంట ఎత్తుగా వస్తుంది.

అడవి పోయిన చోట వేడి ఎంత? మాటో గ్రోసో రాష్ట్రంలో షింగూ ఆదివాసీ ప్రాంతం ఉంది. 1961లో ఏర్పాటైంది. చుట్టూ సోయా, పచ్చిక. అక్కడ ఉపగ్రహంతో నేల ఉష్ణోగ్రత కొలిస్తే, అడవి పచ్చికగా మారిన చోట నాలుగు డిగ్రీల పైన, పంటపొలంగా మారిన చోట ఆరు డిగ్రీల పైన తేడా వచ్చింది. ఆవిరి కావడానికి ఖర్చయ్యే ఎండ ఇప్పుడు నేలను కాలుస్తోంది, అదీ లెక్క.

ఇది ఎవరికి నష్టం? అక్కడి సోయా రైతుకే. మాటో గ్రోసోలో తొలివానకు సోయా వేసి, జనవరి ఫిబ్రవరిలో కోసి, అదే నేలలో మొక్కజొన్న వేస్తారు. రెండు పంటలు. అదును తప్పితే రెండోది చేతికి రాదు, ఎండాకాలం ముంచుకొస్తుంది. పక్కనున్న రొండోనియాలో అడవి పోయిన ప్రాంతాల్లో వానాకాలం మూడు దశాబ్దాల్లో పది రోజులకు పైగా వెనక్కి జరిగింది. అదునులో పది రోజులంటే ఏమిటో ఇక్కడ రైతులకు వేరే చెప్పాలా?

ఇదంతా ఎక్కడికి పోతుంది? 1990లో ముగ్గురు కంప్యూటర్ నమూనా వేసి చూశారు: మన ఉత్తరప్రదేశ్‌లో పుట్టిన జగదీశ్ శుక్లా, బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ నోబ్రె, పియర్స్ సెల్లర్స్. అడవి తీసి గడ్డి పెడితే వాన తగ్గుతుంది, ఎండాకాలం సాగుతుంది, తిరిగి అడవి మొలవడం కష్టమవుతుంది అని తేలింది. 2018లో లవ్‌జాయ్, నోబ్రె కలిసి ఒక గీత గీశారు. వేడెక్కడం, నిప్పు కూడా కలుపుకుంటే, 20 నుంచి 25 శాతం అడవి పోతే తూర్పు, దక్షిణ, మధ్య భాగాలు చెట్లు పలచబడిన గడ్డిభూమిగా మారవచ్చునని. ఇప్పటికి పోయింది 17 శాతం పైమాటే. ఆ గీత సరిగ్గా ఎక్కడుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో వాదన ఉంది. ఉందా లేదా చూద్దామని దాటి చూడలేం కదా.

లక్షణాలు కనిపిస్తూనే ఉన్నాయి. బ్రెజిల్ శాస్త్రవేత్త లూసియానా గాట్టి బృందం 2010 నుంచి 2018 దాకా చిన్న విమానాల్లో అడవి మీద గాలి పట్టి కొలిచింది. ఆగ్నేయ అమెజాన్ పీల్చే కార్బన్ కంటే వదిలేది ఎక్కువని 2021లో ప్రకటించింది. 2005, 2010, 2015-16, మళ్లీ 2023-24, ఒకదాని వెనక ఒకటి పెద్ద కరువులు. 2023లో మనౌస్ దగ్గర రియో నెగ్రో నది నీటిమట్టం 13 మీటర్ల గుర్తు కంటే కిందికి పోయింది. అక్కడ కొలతలు 1902 నుంచి ఉన్నాయి, ఎప్పుడూ అంత దిగలేదు. మరుసటి ఏడు అంతకంటే దిగింది. 2023లోనే అమెజాన్‌లోని టెఫె సరస్సులో నీరు 39 డిగ్రీలు దాటి వందకు పైగా డాల్ఫిన్లు చచ్చిపోయాయి.

మధ్యలో ఒక మాట. ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ అమెజానే ఇస్తుందని చెబుతుంటారు, వాట్సాప్‌లో చూసే ఉంటారు. అది తప్పు. పగలు వదిలిన ఆక్సిజన్‌ను చెట్లు శ్వాసకు, కింద కుళ్లబెట్టే జీవులు తమ పనికి, దాదాపు మొత్తం వాడేసుకుంటాయి. మిగులు సున్నా దగ్గర. అడవి కాపాడాలనే వాళ్లే తప్పుడు లెక్క చెబితే అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. వాన గురించి, కార్బన్ గురించి చెప్పండి, చాలు.

అంకెల విషయంలో ఇంకో జాగ్రత్త. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి ప్రోడెస్ అనే లెక్క వేస్తోంది. ఆగస్టు నుంచి జులై దాకా ఒక ఏడాది. కనీసం 6.25 హెక్టార్ల ముక్కలే లెక్కలోకి వస్తాయి. పూర్తిగా నరికినదే లెక్క. కాలి పలచబడినది అందులో ఉండదు. రోజువారీ హెచ్చరికలకు డెటెర్ అని వేరే వ్యవస్థ ఉంది, అది తనిఖీ వాళ్లకు ఎక్కడికి పోవాలో చెప్పడానికి. పత్రికలు రెండూ కలిపేస్తుంటాయి. 2004లో 27,772 చదరపు కిలోమీటర్లు పోయింది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఒకటిన్నర రెట్లు దగ్గర, ఒక్క ఏడాదిలో. 2012కు 4,571కి దిగింది. 2021లో మళ్లీ 13,038. 2024కు ఆరున్నర వేల దరిదాపులకు తగ్గింది. బాగుంది. కానీ అదే 2024లో కరువు, నిప్పు కలిసి లక్షల హెక్టార్లు కాల్చాయి, అవి ఈ అంకెలో సరిగ్గా కనబడవు.

2004 నుంచి 2012 మధ్య ఎలా తగ్గించగలిగారు? మంత్రం ఏమీ లేదు. ఉపగ్రహ హెచ్చరిక చేతిలో పెట్టుకుని తనిఖీకి పోయారు. కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమని 2006లో వ్యాపారులు ఒప్పుకున్నారు. 2008లో, పర్యావరణ నిబంధన పాటించనివాడికి వ్యవసాయ రుణం ఇవ్వొద్దని బ్యాంకులకు ఆదేశం వచ్చింది. ఆదివాసీ భూములు, రక్షిత ప్రాంతాలు పెంచారు. నా మటుకు అన్నిటిలోకీ గట్టిగా పనిచేసింది రుణం ఆపడమే. జరిమానా కట్టకుండా ఏళ్లు గడపొచ్చు, అప్పు పుట్టకపోతే ఆ సీజనే ఆగిపోతుంది.

పోయిన అడవి తిరిగొస్తుందా? వదిలేస్తే, పక్కన అడవి ఉంటే, వస్తుంది. 2021లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం నేల పదేళ్ల లోపే కోలుకుంటుంది, చెట్ల నిర్మాణానికి పాతికేళ్ల నుంచి అరవై ఏళ్లు, పాత జాతులు, పాత బరువు తిరిగి రావడానికి 120 ఏళ్ల పైన. పచ్చిక ముదిరిన చోట మాత్రం వదిలేస్తే చాలదు, బ్రాకియారియా దేన్నీ లేవనివ్వదు. షింగూ ప్రాంతంలో మువూకా అని ఒకటి చేస్తున్నారు. నారు నాటరు, విత్తనాలే కలిపి చల్లుతారు. ముందు ఆ గడ్డిని దున్ని చంపాలి, ఒక్కసారి దున్నితే చావదు. తర్వాత అడవి చెట్ల విత్తనాలు పదుల రకాలు, వాటితో పాటు కంది, జనుము. అవును, మన కందే. అది త్వరగా లేచి నీడ ఇస్తుంది, గడ్డిని అణచిపెడుతుంది, నత్రజని పెడుతుంది, రెండు మూడేళ్లకు చచ్చి కిందున్న చెట్టుకు దారి వదులుతుంది. 2007లో మొదలైన షింగూ విత్తన సంఘానికి ఈ విత్తనాలు ఏరి అమ్మేది ఆదివాసీలు, చిన్న రైతులు, చాలామంది ఆడవాళ్లు. ఎక్కడ పాడవుతుందంటే, విత్తనం నిల్వ దగ్గర. వర్షారణ్యపు గింజలు చాలావాటికి తేమ పోతే మొలక పోతుంది, మన వడ్లలాగా ఎండబెట్టి గాదెలో పోస్తే పనికిరావు. ఏరిన కొన్ని వారాల్లోనే నేలలో పడాలి, అదీ తొలివాన పదునులో.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను. ముందు వెనక వరస వాళ్లు అడగండి, మీరు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.